మా ఆయన దగ్గుకు మిరియాల కషాయం

రండి, అంత దూరాన కుర్చీ వేసుకుంటే నా గొంతు మీదాకా రాదు. ఈ చాప మీదికి దిగి గోడకు ఆనుకోండి. చేతులు ఊరికే ఉండలేవంటే అనపకాయల గంప అదిగో, ఒలుస్తూ విందురు గాని. పుచ్చినవి మాత్రం పక్కన పెట్టండి, మా వదిన కంటబడితే ఊరుకోదు.

నా చదువు నాలుగో తరగతి దగ్గర ఆగిపోయింది గానీ జ్ఞాపకం ఎక్కడా ఆగలేదు. మా పెళ్లిలో ఎవరు ఏ రంగు చీర కట్టారో, ఎవరు మూడోసారి పాయసం అడిగి లేదనిపించుకున్నారో ఇప్పుడడిగినా చెబుతాను. అలాంటి నేను ఒకే ఒక్క మాట మరిచిపోయాను. అది కూడా నేనే అన్న మాట. దానివల్ల మా ఇంట్లో ఏం జరిగిందో చెప్పడానికే మిమ్మల్ని కూర్చోబెట్టాను.

మా ఆయన పోయి ఏడాది దాటి నెలయింది. మధ్యాహ్నం భోంచేసి, వరండాలో కుర్చీలో కూర్చొని, పేపరు ముఖానికి అడ్డం వేసుకొని పడుకున్నాడు. నాలుగింటికి నేను కాఫీ తీసుకొని పోతే లేవలేదు. మాట్లాడకుండా బతికిన మనిషి మాట్లాడకుండానే పోయాడు. నాకు మొదట కోపం వచ్చింది, కాఫీ చల్లారిపోతోందని.

పేటలో మాది గుండీలు, దారాలు, లేసులు అమ్మే అంగడి. ఇప్పుడు మా కొడుకు చూసుకుంటున్నాడు. ఆ అంగట్లో వెయ్యి రకాల గుండీలుండేవి గానీ ఆయన నోట్లో ఉండేది ఒక్కటే మాట. ‘ఊఁ.’ కాఫీ కావాలంటే ఊఁ. వద్దన్నా ఊఁ. కొడుకు పుట్టాడని ఆసుపత్రిలో చెబితే ఊఁ. ఏ ఊఁకి ఏమర్థమో తెలుసుకోవడానికి నాకు పదేళ్లు పట్టింది. నవ్వు మాత్రం లేదు. నలభై ఆరేళ్ల కాపురంలో ఆయన పకపకా నవ్వగా నేను వినలేదు. ముఖం ఎప్పుడూ కొత్త లుంగీలా గంజి పెట్టినట్టే ఉండేది.

దగ్గు మాత్రం ఉండేది. ఉన్నట్టుండి వచ్చేది. నేను ఏదో చెబుతూ ఉండగానే లేచి, పెరట్లో గుడ్డలుతికే బండ దగ్గరికి పోయి, గోడవైపు తిరిగి, భుజాలెగరేస్తూ దగ్గేవాడు. నాకు భయం. వెంటనే మిరియాలు దంచి, శొంఠి వేసి, బెల్లం లేకుండా కషాయం కాచేదాన్ని. బెల్లం వేస్తే గుణం పోతుందని మా అమ్మ చెప్పింది. ఆయన గ్లాసు అందుకొని, నా ముఖంలోకి ఒకసారి చూసి, కళ్లనీళ్లు కారేలా తాగి, గ్లాసు బోర్లించి, ‘ఊఁ’ అనేవాడు.

ఇది గుర్తు పెట్టుకోండి. ఇప్పుడు సమారాధన రోజుకు వద్దాం.

పదమూడో రోజు వైకుంఠ సమారాధనకు మిద్దెమీద షామియానా వేశాం. బంధువులంతా అరిటాకుల ముందు కూర్చున్నారు. హొసకోటె నుంచి మా వదిన వచ్చి ఉంది. వదినంటే మా ఆయన అక్క. ఏ రోజు ఏది వండాలో, ఎవరు ఏ దిక్కుకు కూర్చోవాలో, ఏడ్చేటప్పుడు ఎంత గట్టిగా ఏడవాలో అన్నీ ఆమెకు తెలుసు. ఆమె ముఖం కూడా తమ్ముడి ముఖంలాగే గంజి పెట్టినదే.

అప్పుడు మెట్లెక్కి పద్దెనిమిది మంది వచ్చారు. అందరూ ముసలివాళ్లే. స్వెట్టర్లు, మఫ్లర్లు, మిట్టమధ్యాహ్నం కూడా మంకీ క్యాపులు. ముందున్నాయన మెడలో ఈల వేలాడుతోంది. బ్యాంకులో మేనేజరుగా చేసి రిటైరయ్యానని చెప్పుకున్నాడు. “అమ్మా, మేము పార్కులో నవ్వుల క్లబ్బోళ్లము. ఎవురన్నా పోతే ఊర్లో అందరూ ఒక నిమిషం మౌనంగా నిలబడతారు కదా. మా క్లబ్బులో ఒక నిమిషం నవ్వేది. పర్మిషన్ ఇస్తారా అమ్మా?”

పదమూడు రోజులుగా ఎవరు ఏమడిగినా తల ఊపుతున్నాను. దానికీ ఊపేశాను.

పద్దెనిమిది మందీ ఫొటో ముందు వరసగా నిలబడ్డారు. మేనేజరు ఈల ఊదాడు. అందరూ చేతులు పైకెత్తి, తల వెనక్కి వాల్చి, “హొ హొ, హ హ హ!” అని మొదలుపెట్టారు. వంటాయన చేతిలో గరిటె సాంబారు బకెట్లో పడిపోయింది. పురోహితుడు మంత్రం మధ్యలో ఆగి, ఎక్కడ ఆగాడో మరిచిపోయి మళ్లీ మొదటినుంచి ఎత్తుకున్నాడు. మా వదిన ఆకు ముందు నుంచి లేచి నిలబడింది.

“ఎవురప్పా మీరు! సచ్చినోళ్ల ఇంట్లో ఇదేందప్పా నవ్వేది! ఎవురు రానిచ్చిరి వీళ్లను?”

వాళ్లు గడియారం చూసుకొని సరిగ్గా నిమిషం నవ్వారు. ఆపాక చూస్తే సగం మంది కళ్లు తుడుచుకుంటున్నారు. తర్వాత బుద్ధిగా కూర్చొని భోంచేశారు. పూర్ణం ఒబ్బట్టు రెండోసారి అడిగి వేయించుకున్నారు.

వెళ్తూ వెళ్తూ మేనేజరు నా దగ్గరికి వచ్చాడు. “ఏమీ అనుకోవద్దమ్మా. ఇప్పుడు సరిగ్గా రాలేదు మాకు. మొదలుపెట్టేదానికి మీ యజమాని లేడు కదా.”

“ఏం మొదలుపెట్టేదానికి?”

“నవ్వు! ఏడేండ్లుగా పొద్దున ఆయన మొదలుపెడితేనే మాకు నవ్వు వస్తా ఉండె. అంత నవ్వు నవ్వే మనిషిని నేను చూడలేదమ్మా.”

నేను వెనక్కి తిరిగి ఫొటో చూశాను. ఆధార్ కార్డు కోసం తీయించిన ఫొటోను పెద్దది చేయించాం. పోలీసు స్టేషన్లో గోడకు అంటించే ఫొటోలా ఉంది.

“తప్పింటికి వచ్చినారేమో అప్పా” అన్నాను.

ఆయనతో వచ్చిన ఒకామె, లెక్కల టీచరుగా చేసిందట, నన్ను తల నుంచి కాళ్లదాకా చూసింది. మళ్లీ తల మీదికే వచ్చి ఆగింది. “జుట్టు ఇంకా బాగుండాది కదమ్మా మీకు” అని, చటుక్కున చీర చెంగు నోటికి అడ్డం పెట్టుకొని మెట్లు దిగిపోయింది. జుట్టు సంగతి ఇప్పుడెందుకని అనుకున్నాను.

మీతో చెప్పడానికి సిగ్గెందుకు, ఆ రోజుదాకా నాకు ఏడుపు రాలేదు. వదిన ఏడిచినప్పుడు పక్కన కూర్చొని ముక్కు చీదేదాన్ని, అంతే. ఆ రోజు నుంచి ఏడుపుకు బదులు అసూయ మొదలైంది. ఆయన రోజూ ఆరింటికి స్వెట్టరు వేసుకొని పార్కుకు పోయి, ఏడింటికి కొత్తిమీర కట్టతో వచ్చేవాడు. నడవడానికి పోతున్నాడనుకున్నాను. ఊరందరికీ పంచిన నవ్వు కట్టుకున్నదానికి ఒక్క పిడికెడు మిగల్చలేదా? నలభై ఆరేళ్లు ఎవరికి సంగటి వండి పెట్టాను నేను? ఆ నవ్వు ఎలా ఉండేదో ఒక్కసారి వినాలి. వినకపోతే నేను ఏడ్చేది ఎవరికోసమో నాకే తెలియదు.

ముందు ఇంట్లోనే వెతికాను. కొడుకును అడిగితే, “నాయన నవ్వేదా? అంగట్లో ఒకసారి ఆవలిస్తే నవ్వినాడనుకొంటిమి” అన్నాడు. కోడలు కుందలహళ్ళిలో ఆఫీసుకు పోతుంది, అన్నీ పద్ధతిగా ఆలోచించే పిల్ల. “మామయ్య పండ్లు నేను ఒకే సారి చూసిండేది అత్తా, పండ్ల డాక్టరు దగ్గర” అంది. మనవరాలు కాలేజీకి పోతుంది. దాని ఫోనులో తాత ఉన్న వీడియోలన్నీ వెతికించాను. పుట్టినరోజులో తాత కేకు తింటున్నాడు. గృహప్రవేశంలో తాత ఫ్యానును చూస్తున్నాడు. నందికొండ మీద అందరూ కేకలు పెడుతుంటే తాత వేరుశనక్కాయలు ఒలుస్తున్నాడు.

“సౌండు పెట్టే” అన్నాను.

“సౌండు ఉండాది అవ్వా. తాతే మ్యూట్‌లో ఉండాడు.”

ఇక పార్కుకు పోవడమే మిగిలింది. వదినతో మెల్లగా అన్నాను.

“మూడు నెలలు గడప దాటకూడదు” అంది.

“నవ్వేదానికి కాదు వదినా. వినేదానికి.”

“వినేది కూడా తప్పే.”

“యాడ రాసిండారు?”

“నేను చెప్తా ఉండాను కదా, మళ్లా రాసేది ఎందుకు?”

సమారాధనకు వచ్చిన వదిన నన్ను చూసుకోవాలని మా ఇంట్లోనే ఉండిపోయింది. కాపలా ఉండిపోయిందని కోడలు నాతో చెవిలో అనేది. రెండు నెలలు ఓర్చుకున్నాను. ధనుర్మాసం వచ్చింది. వదిన పొద్దున్నే స్నానాలగదిలోకి పోయి, తెలిసిన దేవుళ్లందరి పేర్లూ చెప్పుకుంటూ చెంబు తర్వాత చెంబు పోసుకునేది. దేవుళ్లు ఎక్కువ కాబట్టి సమయం బాగా దొరికేది. ఒక ఆదివారం ఆమె అలా లోపలికి పోగానే నేను బయటపడ్డాను. చలి ఎముకలు కొరుకుతోంది. ఎవరూ ఆనవాలు పట్టకూడదని మా ఆయన స్వెట్టరు వేసుకొని, ఆయన మంకీ క్యాపు కళ్లదాకా లాక్కొని, ఆయన చేతికర్ర కూడా పట్టుకున్నాను.

అదే నేను చేసిన పొరపాటు.

పార్కంతా మంచు. క్లబ్బువాళ్లు రాతి బెంచీల దగ్గర చేతులు రుద్దుకుంటూ నిలబడి ఉన్నారు. నేను కర్ర టకటకలాడిస్తూ మంచులోంచి వాళ్లవైపు నడిచాను. మొదట చూసింది మేనేజరు. నోట్లో ఈల ఉంది కాబట్టి ఆయన కేక ఈలలోంచి వచ్చింది. “వచ్చినాడు! వచ్చినాడప్పా!” అని ఎవరో అరిచారు. మోకాళ్ల ఆపరేషన్ అయిందని కూర్చొనే వ్యాయామం చేసే ఒకాయన అందరికంటే ముందు గేటు దాటాడు. లెక్కల టీచరమ్మ మాత్రం కదలక నిలబడి రెండు చేతులూ జోడించి, “సార్, మీ వంతు ఒబ్బట్లు కూడా తినేసినాము, క్షమించండి” అంది.

నేను టోపీ తీశాను. “నేనమ్మా. ఆయన కాదు, ఆయన పెండ్లాము.”

అందరూ తేరుకొని మెల్లగా వెనక్కి వచ్చారు. నన్ను బెంచీ మీద కూర్చోబెట్టి, ఫ్లాస్కులోంచి టీ పోసిచ్చారు. వచ్చిన పని చెప్పాను. “ఆయన నవ్వు ఎట్ల ఉండేదో నాకు ఒకసారి నవ్వి చూపించండి.”

అంతే, పోటీ మొదలైంది. మేనేజరు కుక్కరు ఆవిరి వదిలినట్టు ‘స్స్స్హహ’ అని నవ్వాడు. “థూ, అది కాదు” అని మోకాళ్లాయన చలికి స్టార్టు కాని పాత స్కూటరులా నవ్వాడు, చివరికి ఆయనకే ఆయాసం వచ్చింది. ఇంకొకాయన మేకలా నవ్వాడు. ఒకామె ఏకంగా పాట పాడినట్టు నవ్వింది. ఒకరిది ఒకరు ఒప్పుకోలేదు. “ఏడేండ్లు పక్కన నిలబడింది నేను!” “నువ్వు నిలబడింది ఎడమ పక్క, నవ్వు కుడి పక్కకు వస్తా ఉండె!” అని కొట్టుకునేదాకా వచ్చారు. ఒక్క నవ్వులోనూ నాకు మా ఆయన కనబడలేదు.

“పోనీ, దేనికి నవ్వుతా ఉండె? ఊరికే నవ్వు రాదు కదా” అన్నాను.

పద్దెనిమిది మందీ ఒక్కసారిగా నేల చూశారు. ఒకాయన బూటు లేసు విప్పి మళ్లీ కట్టుకున్నాడు.

“చెప్పండప్పా.”

మేనేజరు టీచరమ్మను చూశాడు. టీచరమ్మ ఆకాశాన్ని చూసింది. చివరికి ఆమే నా పక్కన కూర్చొని చెయ్యి పట్టుకుంది. “అమ్మా, కోపం చేసుకోకూడదు. ఊరికే హొ హొ అంటే ఎవురికీ నవ్వు రాదు. అందుకని సార్ రోజూ ఒక సంగతి చెప్తా ఉండె. ఇంటి సంగతి.”

“ఎవురింటి సంగతి?”

“మీ ఇంటిదే. మీదే.”

“నా సంగతి ఏముండాది నవ్వేదానికి?”

వెనకనుంచి ఎవరో ఆపుకోలేక, “సీకాయ సంగటి!” అన్నారు.

టీ గ్లాసు పక్కన పెట్టేశాను.

ఆ సంగతి ఈ లోకంలో ఇద్దరికే తెలుసని అప్పటిదాకా నా నమ్మకం. ఇప్పుడు మీకు కూడా చెప్పక తప్పదు. అయిదారేళ్ల కిందట ఒకనాడు రాగులూ, తలంటుకు సీకాయా ఒకేసారి మిల్లులో పిండి పట్టించుకొచ్చాను. సీకాయలో మెంతులు, పెసలు, బియ్యం కూడా వేస్తాను. డబ్బాలు రెండూ ఒకే రకం, పిండి రెండూ మట్టిరంగు. ఆ రోజు నాకు పడిశం పట్టి ముక్కు రెండువైపులా మూసుకొని ఉంది. కొడుకూ కోడలూ పిల్లా తిరుపతికి పోయారు. ఆయనకోసం సంగటి కెలికాను. నా జన్మలో అంత నున్నగా సంగటి రాలేదు. కొంచెం నురగ వచ్చింది, కొత్త రాగులని సంతోషపడ్డాను. నేను గంజి తాగి, ఆయనకు పళ్లెంలో ముద్ద పెట్టి పులుసు పోశాను. ఆయన ఒక ముద్ద మింగాడు. నన్ను చూశాడు. ఇంకో ముద్ద మింగాడు.

“బాగుండాదా?” అన్నాను.

“ఊఁ” అన్నాడు. మూతి మీద చిన్న బుడగ.

లేచి పెరట్లోకి పోయి దగ్గాడు. ఆ రోజు దగ్గు ఎంతకీ తగ్గలేదు. రెండు గ్లాసుల కషాయం పోశాను.

ఇది చాలదన్నట్టు శుక్రవారం తలంటుకు కూర్చొని రెండో డబ్బా తీశాను. పిండి కలిపి తలకు పట్టించుకొని, వేడినీళ్లు కుమ్మరించుకున్నాను. మీకు తెలుసు కదా, రాగిపిండి మీద మరిగే నీళ్లు పోస్తే ఏమవుతుందో. నా నెత్తిమీద సంగటి ఉడికింది. దువ్వెన దిగలేదు, దిగింది బయటికి రాలేదు. కేకలు వేస్తే ఆయన వచ్చి, నా వెనక ముక్కాలిపీట వేసుకొని కూర్చొని, ఒక్కొక్క వెంట్రుకనే విడదీస్తూ, చెంబుతో చల్లనీళ్లు పోస్తూ పొద్దెక్కేదాకా కడిగాడు. మధ్యమధ్యలో లేచి పోయి దగ్గి వచ్చాడు. అప్పుడు గాని డబ్బాలు మారాయని నాకు అర్థం కాలేదు. “ఎవురికన్నా చెప్తివంటే చూడు” అన్నాను. ఆయన “ఊఁ” అన్నాడు.

మరుసటిరోజు పొద్దున ఈ పార్కులో పద్దెనిమిది మంది పొట్టలు పట్టుకొని గడ్డిలో దొర్లారట. అందులో ఒకాయనకు నవ్వీ నవ్వీ నడుము పట్టుకుందట. సంగటి నుంచి జుట్టు దాకా, నేను టీవీ రిమోటు దోసెపిండిలో జారవిడిచి రెండురోజులు సోఫా కింద వెతికించడం దాకా, పక్క కల్యాణమంటపంలో ఎవరి పెళ్లికో పోయి భోంచేసి, సాంబారులో ఉప్పు లేదని వంటవాళ్లను తిట్టి, పిల్లా పిల్లాడికి అక్షింతలు వేసి రావడం దాకా, నా బతుకంతా ఈ గడ్డిలో ఉంది. వాళ్లలో ఒక్కొక్కరికీ ఒక్కొక్కటి ఇష్టం. “అమ్మా, ఆ పెండ్లిలో మీకు తాంబూలం సంచి ఇచ్చిరంట కదా, దాన్ని తిరిగి ఇచ్చేసినారా?” అని మోకాళ్లాయన అడిగాడు.

కోపంతో నా చెవులు ఎర్రబడ్డాయి. “మూగోడనుకొంటిని! ఇంట్లో ఒక మాట లేదు, ఈడ నా మానమంతా పంచిపెట్టినాడా!” అని లేచాను. టీచరమ్మ చెయ్యి వదల్లేదు.

“ఒకటి చెప్తా వినండమ్మా. ఇంట్లో వాళ్లను గురించి ఈడ అందరూ చెప్తారు. కోడలు ఇట్ల, కొడుకు అట్ల అని. సార్ మీ సంగతి చెప్పేటప్పుడు పక్కింటి సినిమా చూసొచ్చిన పిలకాయ మాదిరి ఉండేది ఆ ముఖము. సగం చెప్పేలోపే ఆయనకే ఆగేది కాదు. చెప్పేది ఆపి అటు తిరిగేస్తా ఉండె. మొదట నవ్వు అని కూడా తెలీదు. గోడకో చెట్టుకో ముఖం పెట్టి, భుజాలెగరేసి, ఖుఖ్, ఖుఖ్, ఖుఖ్ అని…”

“దగ్గు” అన్నాను.

“దగ్గు మాదిరే మొదలయ్యేది. ఆమీట పోను పోను…”

ఆ తర్వాత ఆమె చెప్పింది నాకు వినబడలేదు. గుడ్డలుతికే బండ, పెరటి గోడ, ఎగిరే భుజాలు, గ్లాసులో మిరియాలు. అది దగ్గు కాదు. ఆయనకు జన్మలో దగ్గు లేదు. ఎన్ని గ్లాసులు పోశాను ఆ మనిషికి! బెల్లం కూడా వేయకుండా!

ఎలా ఇల్లు చేరానో తెలియదు. వాకిట్లో వదిన తడిజుట్టుతో నడుం మీద చేతులు పెట్టుకొని నిలబడి ఉంది. నా ఒంటిమీద స్వెట్టరు చూసింది, చేతిలో టోపీ చూసింది.

“అయిందా నవ్వింది?”

నేను లోపలికి పోయి ఫొటో ముందు కూలబడ్డాను. “వదినా, ఈ మనిషి నా ముందర ఎందుకు నవ్వలేదు? పెరట్లోకి పోయి గోడకు నవ్వేదేంది? నేనేం పాపం చేసినాను?”

వదిన నన్ను వింతగా చూసింది. “నువ్వే కదా మే ఒట్టు పెట్టించుకొంటివి.”

“నేనా?”

“ఆనేకల్ బస్టాండులో. గుండీల రోజు.”

గుండీల సంగతి నాకు బాగా జ్ఞాపకం ఉంది. పెళ్లయిన నెలకే జరిగింది. మా అత్త అంగడి గుండీలను రంగు రంగుగా ఏరి, పాత క్యారియరు గిన్నెల్లో పోసి పెట్టేది. నేను తొందరలో ఆ క్యారియరును మా ఆయనకు భోజనమని పంపాను. భోజనం ఉన్న క్యారియరును గుండీలకోసం వచ్చిన దర్జీకి ఇచ్చాను. అంగట్లో నిండా గిరాకీ ఉండగా ఆయన మూత తీస్తే పై గిన్నెలో ఎర్ర గుండీలు, దాని కింద తెల్లవి, అడుగున హుక్కులు. దర్జీ మాత్రం ఏమీ అడగకుండా అన్నం తిని, క్యారియరు కడిగి పంపాడు. ఇంట్లో అందరూ నవ్వారు. నేను స్నానాలగదిలో తలుపేసుకొని, వాళ్ల నవ్వు వినబడకుండా కొళాయి తిప్పుకొని ఏడ్చి, మరుసటిరోజే ఆనేకల్‌లో మా అమ్మ దగ్గరికి పోయాను. ఎనిమిదో రోజు ఆయన వచ్చి పిలుచుకొచ్చాడు. బస్సు సీటు ఎక్కడ చిరిగి ఉందో కూడా చెప్పగలను.

“అందరి కంటే ఎక్కువ నవ్విండేది వాడే మే” అంది వదిన. “నువ్వు కొళాయి తిప్పుకొని ఉంటివి, నీకేం వినబడుతుంది? నిన్ను పిలుచుకొచ్చేదానికి వానితో నేనూ వచ్చింటి. బస్సు కదలబోతా ఉంటే నువ్వు మెట్టు మీద కాలు పెట్టి, ‘ఇంక నన్ను చూసి నవ్వనంటేనే ఎక్కుతా’ అంటివి. కండక్టరు ఈల మీద ఈల ఊదుతా ఉండాడు. వాడు ‘ఊఁ’ అనె. నువ్వు ఎక్కితివి.”

ఆ మాట నేనన్నట్టు ఇప్పటికీ జ్ఞాపకం రాలేదు. పందొమ్మిదేళ్ల పిల్ల కోపంలో అన్న మాటను ఆ పిల్ల మరిచిపోయింది, ఆయన మరవలేదు. నలభై ఆరేళ్లు నన్ను చూసి నవ్వలేదు. గోడను చూసి నవ్వాడు.

 వదిన వచ్చి నా పక్కన చతికిలబడింది. “సరేలే. ఇంతకీ ఆ పార్కులో ఏమని నవ్వుతారంట నిన్ను?”

“సీకాయ సంగటి” అన్నాను.

“ఏంది సీకాయ సంగటి?”

చెప్పాను. మిల్లు నుంచి మొదలుపెట్టాను. నున్నటి సంగటి దగ్గర వదిన కళ్లు చిన్నవయ్యాయి. బుడగ దగ్గర పెదవి బిగించింది. శుక్రవారం తలంటు, నా నెత్తిమీద ఉడికిన సంగటి, దిగిన దువ్వెన బయటికి రాకపోవడం దాకా వచ్చేసరికి వదిన నావైపు చూడటం మానేసింది. మెల్లగా గోడవైపు తిరిగింది. భుజాలు ఎగిరాయి.

ఖుఖ్. ఖుఖ్. ఖుఖ్.

 గుడ్డలుతికే బండ దగ్గర విన్న సద్దే. ఒకే కడుపున పుట్టినవాళ్లు, ఒకే దగ్గు. వదిన ఆపుకోవాలని చెంగు కుక్కుకుంది, అది చెంగులోంచి తన్నుకొని వచ్చింది. ఖుఖ్‌లు పోయి గురకలా ఒకటి, దాని వెనక బిందె దొర్లినట్టు ఒకటి, దాని వెనక ఇల్లంతా అదిరేలా ఒక నవ్వు. పార్కులో పద్దెనిమిది మంది చూపించలేనిది అదే. కోడలు గరిటెతో, కొడుకు గడ్డం నురగతో పరుగెత్తుకొచ్చారు. మనవరాలు మెట్లమీదే ఆగిపోయి, “అవ్వా! తాత సౌండు!” అంది. అది కూడా పెరటి దగ్గును విని పెరిగిన పిల్లే కదా.

నాకు అప్పుడు వచ్చింది ఏడుపు. రెండు నెలలుగా రానిదంతా వచ్చింది. ఏడుస్తూ నవ్వుతున్నానో, నవ్వుతూ ఏడుస్తున్నానో నాకే తెలియలేదు. వదిన నా మెడ చుట్టూ చెయ్యి వేసి, “దువ్వెన… దువ్వెన యాడుండాది ఇప్పుడు?” అని అడిగి మళ్లీ గోడవైపు తిరిగింది.

“వదినా, దగ్గు ఎక్కువగా ఉండాది. కషాయం పెట్టనా?” అన్నాను.

“బెల్లం వేస్తేనే” అంది.

ఇప్పుడు పొద్దున ఆరింటికి నేనూ వదినా ఇద్దరం పార్కుకు పోతాం. మూడు నెలల గడప సంగతి ఆమె మళ్లీ ఎత్తలేదు. మొదటిరోజు ఊరికే బెంచీ మీద కూర్చుంటానంది. రెండోరోజు ఒక మంకీ క్యాపు కొనమంది. మేనేజరు ఈల నా మెడలో వేసి, “మొదలుపెట్టండమ్మా” అన్నాడు. మా ఆయన నా సంగతులు ఏడేళ్లు చెప్పాడు కదా, ఇప్పుడు నా వంతు. ఆయన సంగతే మొదలుపెట్టాను. ఒక ఊరిలో ఒక మనిషి ఉండేవాడు, నవ్వు వచ్చినప్పుడల్లా ఆయన భార్య మిరియాల కషాయం పోసేది అన్నాను. మోకాళ్లాయన గడ్డిమీద కూర్చుండిపోయాడు. కుడిపక్కన చింతచెట్టుకు ముఖం పెట్టి వదిన దగ్గుతోంది.

ఇంటికి వచ్చి ఫొటోకు పూలు మార్చేటప్పుడు ఆయనకు చెబుతాను. “ఏమయ్యా, ఒట్టు తీసేసినాను. ఇంక నన్ను చూసి నవ్వు.” ఆధార్ ముఖం అలాగే ఉంటుంది. ఊఁ అన్నాడనే నేను అనుకుంటాను.

ఇక లేవండి, అనపకాయలు కూడా అయిపోయాయి. ఆ గుప్పెడు గింజలు కొంగులో కట్టుకొని పోండి, పులుసులో వేసుకోండి. మీ ఇంట్లో రాగి డబ్బా, సీకాయ డబ్బా ఎప్పుడూ వేరువేరు అటకల మీద ఉండుగాక. మీ పొయ్యిమీద సంగటి నురగ లేకుండా ఉడుకుగాక. మీ ఇంట్లో ఎవరైనా గోడవైపు తిరిగి దగ్గితే, మందు కాచే ముందు ఆ భుజం పట్టి ఇటు తిప్పి చూసే తెలివి దేవుడు మీకు ఇచ్చుగాక. మీ గడపలో నవ్వులు చల్లగా వర్ధిల్లుగాక.